గీత తాకని ఆటగాడు

అనగా అనగా, రాత్రులు ఇప్పటికంటే చిక్కగా ఉండే రోజుల్లో, గిరిపురం కోటలో సూరమ్మ అనే రాజకుమార్తె ఉండేది. తల్లి పోయిన నాటి నుంచి ఆ పసిదానికి చీకటంటే హడలు. అందుకని రాజుగారు ఆమె పడకగది దీపానికి రంగుగాజు తొడుగు ఒకటి చేయించారు.

తొడుగు మీద చెడుగుడు ఆట. ఎర్రగాజు ఆటగాళ్ళు అటు వరసగా కాచుకుని ఉంటే, ఆకుపచ్చ పాగా చుట్టినవాడొక్కడు గీత దాటి, కూత పెడుతూ వాళ్ళ మధ్యకు దూకాడు. సూరమ్మ వాడికి సింగన్న అని పేరు పెట్టింది.

చూసినవాళ్ళందరికీ ఆ తొడుగు ముచ్చటే. సింగన్న బాధ సింగన్నది. కూతకు వెళ్ళినవాడు ఊపిరి తెగకముందే వెనక్కి వచ్చి తన గీత తాకాలి కదా! పనివాడు సింగన్నను వెళ్ళేటట్టు చేశాడు గానీ, వచ్చేటట్టు చేయలేదు. గీత మడమకు బెత్తెడు దూరం కూడా లేదు. ఒక్కసారి తాకితే చాలు, తర్వాత పగిలిపోయినా సరే అనుకుంటూ రోజూ కుమిలిపోయేవాడు.

ఒక సాయంత్రం, కాస్త వెనక్కి నెట్టమని దీపపు పురుగును బతిమాలాడు. అది నెట్టి నెట్టి, రెక్కలు నొప్పి పుట్టి మానుకుంది. గోడ మీది బల్లిని అడిగాడు. బల్లి మహా మాటకారి. గోడల సంగతీ, తన తోక ఊడిన సంగతీ తీరిగ్గా చెప్పి, నెట్టకుండానే వెళ్ళిపోయింది.

ఇక మిగిలింది లోపలి దీపం.

"గాజుముక్కలను పట్టి ఉంచిన సీసాన్ని నేను కరిగించగలను. నువ్వు వెనక్కి జారవచ్చు. తర్వాత ఏమవుతుందో మాత్రం నన్నడగకు" అంది దీపం.

సింగన్న అడగలేదు. అంత ఆశ వాడిది.

దీపం మంట పెంచింది. సీసం మెత్తబడింది. సింగన్న గోరంత వెనక్కి జరిగాడు. ఆ సందులోంచి గాలి దూరి దీపం రెపరెపలాడింది. గదిలో చీకటి ముసిరింది. సూరమ్మ దిగ్గున లేచి కూర్చుంది.

"సింగన్నా, నిద్రలో నా కూత ఆగిపోయిందా? అందుకే వాళ్ళు నిన్ను పట్టేసుకున్నారా?" అని ఏడ్చింది.

అప్పుడు తెలిసింది సింగన్నకు. సింగన్న ఊపిరి తెగకూడదని ఆ పిల్ల వాడి బదులు రోజూ దుప్పటి కింద "చెడుగుడు, చెడుగుడు" అంటూనే నిద్రపోతోంది. గీత మీది ధ్యాసలో తాను ఏనాడూ వినిపించుకోలేదు. వాడికి సిగ్గేసింది. ఇక చాలని దీపానికి చెప్పి, తనంతట తానే ముందుకు జరిగి, భుజంతో సందు మూశాడు. సీసం చల్లారి మళ్ళీ గట్టిపడింది.

ఏళ్ళు గడిచాయి. గీత మీద బెంగ తీరిందంటే అబద్ధం. దీపం పెట్టగానే ప్రాణమంతా అటే లాగేది.

ఒకనాడు సూరమ్మ రొప్పుతూ గదిలోకి వచ్చింది. ఒళ్ళంతా దుమ్ము. కోట వెనక మైదానంలో తోటిపిల్లలతో మొదటిసారి చెడుగుడు ఆడింది. చీకటి పడిన సంగతే చూసుకోలేదట. కూతకు వెళ్ళి, ముగ్గురిని తాకి, ఊపిరి తెగకుండా తిరిగొచ్చి వేలితో గీత తాకింది. మట్టి అంటిన వేలిని సింగన్న పాదం మీద ఆనించింది.

"సింగన్నా, ఇది మన గీత మట్టి. ఇక ఊపిరి తీసుకో" అంది.

పిల్లలూ, ఒకరి కోసం మనం నిలిచిపోతే, వాళ్ళు చేరిన గీత మనమూ చేరినట్టే.