మూడు రోజుల ముర్రుపాలు

అనగనగా మనుషులకన్నా మేకలెక్కువ ఉన్న ఒక ఊళ్ళో మాలకొండమ్మ అని ఒకావిడ ఉండేది. మేక ఈనుతుందంటే ఊరంతా ఆవిణ్ణే పిలిచేది. ఊఁ కొడుతున్నావా, బంగారూ?

ఆవిడ కోడలు రాగమ్మ. రాగమ్మకి ఒక ఆడపిల్ల పుట్టింది. అప్పుడు ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉండేది. తల్లికి మొదట పడే చిక్కటి పచ్చటి ముర్రుపాలు చెడ్డవని, బిడ్డకి అరగవని, మూడు రోజులు పిండి పారబోసేవాళ్ళు.

మొదటిరోజు మాలకొండమ్మ బిడ్డ నాలిక మీద తేనె రాసింది. బిడ్డ గట్టిగా ఏడ్చింది. రెండోరోజు దూది వత్తితో చక్కెరనీళ్ళు పట్టింది. బిడ్డ సన్నగా ఏడ్చింది. మూడోరోజు ఆముదం చుక్క వేసింది. బిడ్డ అసలు ఏడవలేదు. రాగమ్మ గబుక్కున బిడ్డని ఒళ్ళోకి తీసుకుంది.

"అత్తా, నేను పాలిస్తా."

"రేపటిదాకా ఆగవే. ఆచారం."

అంతలో వాకిట్లో మేక ఈనింది. మాలకొండమ్మ పరుగెత్తింది. పిల్ల ఇంకా కాళ్ళ మీద నిలబడకముందే దాని మూతి పొదుగుకి ఆనించింది.

"తాగు తల్లీ. ముర్రు కడుపులో పడకపోతే సాయంత్రానికి కాళ్ళు చల్లబడతాయి."

గుమ్మంలోంచి రాగమ్మ చూసింది. "మేకపిల్లకైతే బలం, నా పిల్లకైతే విషమా అత్తా?"

మాలకొండమ్మ తలెత్తకుండా మేకపిల్లని తుడుస్తోంది.

"పోన్లే. ఆ మేకకి అత్త లేదు, దాని పిల్ల బతికిపోయింది."

మాలకొండమ్మకి ఒళ్ళు మండింది. విసురుగా లోపలికొచ్చి మనవరాలి పాదం పట్టుకుంది. చల్లగా తగిలింది. కోపం ఎటుపోయిందో పోయింది.

"ఉండు, చేతులు కడుక్కొస్తా."

ఆ తర్వాత బిడ్డని తల్లి రొమ్ముకి ఆనించింది. మొదటిసారి బిడ్డ నోరు తెరవలేదు. రెండోసారి పట్టు జారింది. మూడోసారి చుప్ చుప్ మని చప్పుడు.

"నీకెవరు చెప్పారత్తా, పారబొయ్యమని?"

"మా అత్త."

"ఆవిడకి?"

"వాళ్ళత్త." మనవరాలి తల నిమురుతూ అంది, "నేనూ నా ముగ్గురు పిల్లలకీ పారబోశానే."

ఆ తర్వాత గంటగంటకీ దగ్గర కూర్చుని తనే పట్టించింది. మర్నాటికి బిడ్డ ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చింది. మాలకొండమ్మ ఎత్తుకుంటే ఒళ్ళంతా తడిపేసింది. "ఇంత పోసిందంటే కడుపు నిండినట్టేనర్రా!" అని తడిచీరతోనే వీధంతా చెప్పొచ్చింది. అప్పట్నించీ ఏ ఇంట పురుడొచ్చినా, తేనెగిన్నె కన్నా ముందు మాలకొండమ్మ చేరేది.

కథేమో కంచికి,
మేకలేమో మందకి,
పాపేమో పాలకి,
మనమేమో నిద్దరకి.