మంగతాయి గోడ మీద ఖాళీ బొమ్మ

ఇప్పకోన అడవిలో జింకలు, కుందేళ్ళు, అడవిదున్నలు, కొండముచ్చులు, ముళ్ళపందులు కలిసిమెలిసి ఉండేవి. ఆ అడవిలో ఒక విశేషం ఉంది. కుందేలు నుంచి అడవిదున్న దాకా అక్కడ అందరికీ తలో సైకిలు ఉంది. పక్క పొదకు వెళ్ళాలన్నా బెల్లు కొట్టుకుంటూ వెళ్ళాల్సిందే.

సైకిలు ఉన్నచోట పంక్చరు కూడా ఉంటుంది కదా! ఆ పని చేసేది కొండముచ్చు గంగులు ఒక్కడే. అతని చెట్టు కింద పెద్ద గంప నిండా పనిముట్లు ఉండేవి. "ఇన్ని పానాలు చుట్టుపక్కల ఏ అడవిలోనైనా ఉన్నాయేమో చూపించండి" అని తోక ఎగరేసి గొప్పలు కొట్టుకునేవాడు. ఆ గంపలోంచి కావలసిన పానా తీయడానికి మాత్రం అతనికి ఒక పూట పట్టేది.

ఆ వేసవిలో ముళ్ళపంది మంగతాయి కూడా సైకిళ్ళు బాగుచేయాలని పట్టుబట్టింది. తన ఇంటి వెనక వసారాను శుభ్రంగా ఊడ్చింది. గోడకు సున్నం వేసింది. దూలానికి రెండు తాళ్ళు కట్టింది. సైకిలును వాటికి వేలాడదీస్తే నడుం వంచే పని లేదు. వెలుతురు బాగా పడేచోట పంక్చరు చూసే నీళ్ళ తొట్టి పెట్టింది. ఊడిన నట్టు దొర్లిపోకుండా కింద గోనెపట్టా పరిచింది. ఒక్కో సైకిలు నట్లు ఒక్కో కొబ్బరిచిప్పలో వేయాలని వరసగా చిప్పలు పేర్చింది.

తర్వాత బొగ్గుముక్క తీసుకుని గోడ మీద బొమ్మలు గీసింది. పెద్ద పానా, చిన్న పానా, సుత్తి, కత్తెర, ఆకురాయి, గాలిపంపు. ప్రతి బొమ్మ మీదా ఒక మేకు కొట్టి, దేని బొమ్మ మీద దాన్నే తగిలించింది. అన్నిటికీ చివర ఒక ముల్లు బొమ్మ గీసింది. టైరులో దిగిన తుమ్మముళ్ళను పెకలించడానికి తన ఒంటి ముల్లునే ఒకటి పనిముట్టుగా పెట్టుకుంది మరి!

పనిచేసేటప్పుడు తన ముళ్ళు టైర్లకు తగలకుండా వీపుకు మందపాటి గోనె చుట్టుకునేది. అంతా సర్దుకున్నాక వసారా మధ్యలో నిలబడి నాలుగు వైపులా చూసుకుంది. ఆ రోజు ఆమెకు అన్నం కూడా గుర్తుకు రాలేదు. అంత మురిసిపోయింది.

కానీ ఒక్క సైకిలు కూడా రాలేదు.

"ఆవిడ దగ్గరికి ఒక పంక్చరుతో వెళ్తే పది పంక్చర్లతో తిరిగి రావాలి!" అని గంగులు అందరికీ చెప్పి పళ్ళు ఇకిలించేవాడు. అందరూ నిజమే కాబోలు అనుకున్నారు.

ఇంతలో ఎండలు ముదిరి వాగు ఎండిపోయింది. కొండ అవతల ఊట నుంచి సైకిళ్ళ మీద బిందెలతో నీళ్ళు తేవాలని అడవిపెద్ద, అడవిదున్న నల్లప్ప నిర్ణయించాడు. మర్నాడు పొద్దున్నే ప్రయాణం. ఎనిమిది సైకిళ్ళు గంగులు చెట్టు కింద చేరాయి. జింక చంద్రి తన పాత సైకిలు తెస్తే, "ఇలాంటి తుక్కు నేను ముట్టుకోను" అని గంగులు తోసేశాడు.

ఇంట్లో ఇద్దరు పసిపిల్లలు దాహంతో ఉన్నారు. చంద్రి ఏం చేస్తుంది? ఏడుపు దిగమింగుకుని మంగతాయి వసారాకు వచ్చింది. వెనకే నల్లప్ప కూడా వచ్చాడు.

"అమ్మాయ్, ఒక మాట. ఈ సైకిలు దారిలో ఆగిందంటే పిల్లల నోటికాడి నీళ్ళు పోయినట్టే. అప్పుడు నువ్వు ఈ వసారా మూసెయ్యాలి" అన్నాడు.

"అలాగే, నల్లప్ప తాతా" అంది మంగతాయి.

సైకిలును తాళ్ళకు వేలాడదీసింది. ట్యూబు తీసి, గాలి కొట్టి, నీళ్ళలో ముంచింది. బుడగలు వచ్చినచోట ఆకురాయితో గీకి ప్యాచి వేసింది. టైరులో ఉన్న తుమ్మముళ్ళను తన ముల్లుతో పెకలించి ఏరేసింది. బ్రేకులు బిగించింది. చైనుకు నూనె పట్టించింది. సాయంత్రానికి చంద్రి ఎక్కి ఒక చుట్టు తిరిగితే సైకిలు కొత్తదానిలా పరిగెత్తింది. చూడడానికి వచ్చినవాళ్ళు చప్పట్లు కొట్టారు.

మంగతాయి నవ్వుతూ పనిముట్లు గోడకు తగిలించసాగింది. పెద్ద పానా దాని చోట చేరింది. సుత్తి, కత్తెర కూడా చేరాయి. అన్నీ అయ్యాక చూస్తే చివరి బొమ్మ ఖాళీగా ఉంది.

ముల్లు లేదు!

ఆమె గోనెపట్టా దులిపింది. తొట్టిలో చేయి పెట్టి వెతికింది. ఎక్కడా లేదు. ఇక మిగిలింది ఒకే చోటు.

గుమ్మం ముందు అంతమంది ఉన్నారు. చెబితే నవ్వుతారు. చెప్పకపోతే ఈ రాత్రి గడిచిపోతుంది. మంగతాయి ఒక్క క్షణం ఆ ఖాళీ బొమ్మ వైపు చూసింది.

"చంద్రీ, దిగమ్మా. నా ముల్లు నీ టైరులో ఉండిపోయింది. మళ్ళీ విప్పాలి" అంది.

అందరూ ముక్కున వేలేసుకున్నారు. అటుగా వచ్చిన గంగులు పొట్ట పట్టుకుని నవ్వాడు. "చెప్పానా? నేను ఎనిమిది సైకిళ్ళు పూర్తి చేశాను. ఈవిడ ఒక్కదాన్నే రెండుసార్లు చేస్తోంది!"

మంగతాయికి సిగ్గుతో ముఖం కందిపోయింది. అయినా చేయి ఆపలేదు. టైరు విప్పితే, టైరుకూ ట్యూబుకూ మధ్య ముల్లు నక్కి ఉంది. దాన్ని తీసి, మళ్ళీ గాలి కొట్టి చూసుకుని, ముల్లును దాని బొమ్మ మీద తగిలించాకే చంద్రికి సైకిలు ఇచ్చింది.

తెల్లవారింది. తొమ్మిది సైకిళ్ళు బయలుదేరాయి. సగం కొండ ఎక్కేసరికి ఒక చక్రం ఊగింది. ఇంకో చైను తెగింది. నల్లప్ప సైకిలు హ్యాండిలు ఏకంగా చేతిలోకి వచ్చేసింది! ముందురోజు గంగులు తొందరలో ఎనిమిది సైకిళ్ళూ ఒకేసారి విప్పి, నట్లన్నీ ఒకే గంపలో పోశాడు. దేని నట్టు దేనికి పడిందో అతనికే తెలియదు. ఎనిమిది సైకిళ్ళూ ఆగిపోయాయి. చంద్రి మాత్రం బెల్లు కొట్టుకుంటూ ఊట చేరి, రెండు బిందెల నీళ్ళతో తిరిగి వచ్చింది. తన పిల్లలకు తాగించి, మిగతా పిల్లలకు కూడా తలా ఒక గుక్క పోసింది.

గంగులు ఎనిమిది సైకిళ్ళనూ ఒక్కొక్కటిగా భుజాన మోసి, మంగతాయి గుమ్మం ముందు దించాడు. అతని తోక నేలకు రాసుకుంటోంది. "ఎంత వెతికినా ఏ నట్టు ఎక్కడిదో తెలియడం లేదు, మంగతాయీ" అన్నాడు.

మంగతాయి అతని చేతిలో ఒక బొగ్గుముక్క పెట్టింది. "ముందు నీకొక గోడ చూసుకో, గంగులూ" అంది.

ఎనిమిది చిప్పలు ముందు పెట్టుకుని ఆమె పనికి కూర్చుంది. వరసలో ఉన్న ఒక కుందేలు, "తాతా, ఈవిడ ముళ్ళతో మన టైర్లకు భయం లేదా?" అని గుసగుసలాడింది.

నల్లప్ప గోడ వైపు చూపించాడు. "తన ముల్లు ఎక్కడుందో ఆమెకు తెలుసు. అది తప్పిపోతే నలుగురిలో చెప్పే ధైర్యమూ ఉంది. నా సైకిలు ఆమె చేతుల్లోనే ఉండనీ" అన్నాడు.

గోనె కింద మంగతాయి ముళ్ళన్నీ గర్వంతో ఒక్కసారి నిక్కబొడుచుకున్నాయి.

నీతి: పనిముట్లు ఎక్కువ ఉండటం గొప్ప కాదు. ప్రతి వస్తువునూ దాని చోట ఉంచి, తప్పు కనబడితే దాచకుండా దిద్దుకునేవాడే గొప్ప పనివాడు.