అలికిడమ్మ తల్లి వెలసిన వైనం

ఉద్దానం కొబ్బరితోటల నడుమ, సముద్రపు హోరు లీలగా వినిపించే నల్లగరువు గ్రామంలో శ్రీ అలికిడమ్మ తల్లి కొలువై ఉంది. బస్సు దిగి ఇసుకబాటన కొంతదూరం నడిస్తే పనసచెట్ల నీడలో చిన్న గుడి కనబడుతుంది. గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు. గర్భగుడికి వాకిలి ఉంది గాని తలుపు లేదు. గుడి కంటబడగానే భక్తులు ఆగి, "ఓ తల్లీ, వస్తన్నాం!" అని గొంతెత్తి పిలిచి, కాసేపు నిలబడి, ఆ తరువాతే అడుగు ముందుకు వేస్తారు. కొత్తవారికి ఇది వింతగా తోచవచ్చు. ఊరివారిని అడిగితే గానుగ దాలమ్మ కథ చెబుతారు.

పూర్వం ఇక్కడ తోటలు ఇంత పలచగా ఉండేవి కావు. మొగలిపొదలు దారులను కమ్ముకుని ఉండేవి. ఎలుగుబంట్లు ఊరికి ఇరుగుపొరుగు. ఎవరి పెరట్లో పనసపండు మాగిందో ఇంటివారికంటే ముందు వాటికే తెలిసేది. నీళ్లకు వెళ్లే ఆడవారు బిందె మీద ఉంగరంతో టకటక కొట్టుకుంటూ నడిచేవారు. ఆ చప్పుడు వింటే ఎలుగు తన దారిన తాను పోయేది. ఆ రోజుల్లో అది భయమూ కాదు, భక్తీ కాదు, ఇరుగుపొరుగుల మర్యాద.

ఆ ఊళ్లో దండాసి, దాలమ్మ అనే తెలికల దంపతులు గానుగ ఆడించి బతికేవారు. గానుగపాకకు ఒక ఆడ ఎలుగు అలవాటు పడింది. పొద్దువాలాక వచ్చి రోటి అంచున మిగిలిన నూనె నాకి, తెలకపిండి తిని పోయేది. దాలమ్మ పాకలోకి వెళ్లేముందు గుంజ మీద తట్టేది. లోపల బుస్సుమని ఊపిరి చప్పుడు, వెనకవైపు తడిక కదిలిన చప్పుడు వినబడేవి. అప్పుడు లోపలికి వెళ్లేది. ఏళ్లు గడిచినా ఒకరి ముఖం ఒకరు సరిగా చూసుకున్నది లేదు.

ఒక వేసవి ఉదయం దండాసి పనసతోపులోకి పుల్లలకు వెళ్లాడు. ఏదో ఆలోచనలో ఉండి, మెత్తని ఇసుకలో చప్పుడు లేకుండా నడుస్తూ పొద మలుపు తిరిగాడు. ఎదురుగా రెండు ఎలుగుపిల్లలు, వాటి వెనుక తల్లి. అతడు కేక వేసేలోపే పంజా ముఖం మీద పడింది. ప్రాణం దక్కింది గాని ఎడమకన్ను పోయింది.

గాయం మానింది, కడుపులో మంట మానలేదు. మంచం దిగిన రోజునే అతడు విషపు ముష్టిగింజలు నూరి ముంతెడు నూనెలో కలిపి గానుగ పక్కన పెట్టాడు. దాలమ్మ చూసి అతని చెయ్యి పట్టుకుంది.

"మావా, అది పిల్లలతల్లి."

"నూనె పోసి పెంచినావు కాదేటే దాన్ని! నా మొకం సూడు. నీకు జాలి నా మీదా, దాని మీదా?"

ఆ ముఖం కడిగి, పసరు పోసి, పక్కన కూర్చున్నది దాలమ్మే. అతని బాధ ఎంతటిదో ఆమెకంటే ఎరిగినవారు లేరు. కొంగు నోట కుక్కుకుని ఇంట్లోకి వెళ్లిపోయింది.

తెల్లవారుజామున కునుకు పట్టింది. కలలో జుట్టు విరబోసుకున్న నల్లని స్త్రీ ఒకతె, చంకనొక బిడ్డ, వెనకనొక బిడ్డ, పాక గుమ్మంలో నిలబడి ఇలా పలికింది: "నీ పెనిమిటి అలికిడి లేకుండా వచ్చాడు, నేను బెదిరాను. అలికిడి చేసి వచ్చినవారికి ఏనాడైనా దారి ఇవ్వలేదా? నీ నూనె మట్టికి ఇవ్వు. నేను అక్కడే ఉన్నాను."

దాలమ్మ ఉలిక్కిపడి లేచి పాకకు పరుగెత్తింది. ముంత నిండుగానే ఉంది. ఎలుగు రాలేదు. ఆ నూనెను చీమ కూడా తాకకూడదని పాక వెనుక, తోపు అంచున ఉన్న పనసచెట్టు మొదట గునపంతో లోతుగా తవ్వసాగింది. చప్పుడుకు దండాసి వచ్చి గునపం పట్టుకున్నాడు.

"ఒగ్గీయే!"

"ఒగ్గను మావా. నీ కన్ను నాను తెచ్చి ఇయ్యలేను. ఇంకో తల్లి ఉసురు మాత్రం నీకు తగలనియ్యను."

పెనుగులాటలో గునపం గోతిలోకి జారి ఖంగుమంది. ఇసుక తీసి చూస్తే నల్లని శిల. విరబోసిన జుట్టులాగా సన్నని గీతలు, ఒడిలో రెండు చిన్న ఉబ్బులు. దాలమ్మ కల చెప్పింది. దండాసి తానే గోతిలోకి దిగి శిలను పైకెత్తాడు. విషపు నూనెను ఆ గోతిలోనే పోసి పూడ్చాడు.

ఆ సాయంత్రం ఇద్దరూ మంచినూనెతో అమ్మవారికి దీపం పెట్టడానికి బయలుదేరారు. తోపు దగ్గరికి వచ్చేసరికి అతడు ఆగిపోయాడు.

"పిలు మావా," అంది దాలమ్మ.

"ఓ తల్లీ... వస్తన్నాం," అన్నాడు దండాసి. పనసచెట్టు వెనుక నల్లని ఆకారం లేచింది. రెండు పిల్లలను ముందుకు తోసుకుంటూ, తొందరేమీ లేకుండా మొగలిపొదల్లోకి వెళ్లిపోయింది. దండాసి ఇసుకలో చతికిలబడి పసిపిల్లవాడిలా ఏడ్చాడు. బతికినన్నాళ్లూ అమ్మవారి దీపంలో నూనె పోసినది అతడేనట.

నేటికీ పూజారి వంశంవారు పొద్దుగుంకకముందే ప్రమిద నిండా నూనె పోసి వెళ్లిపోతారు. మొక్కుకున్నవారు నూనెముంత, పనసతొన సమర్పిస్తారు. పిలిచి అడుగుపెట్టిన వారికి దారిలో ఆపద ఎదురుకాదని, బిడ్డలతో వచ్చిన తల్లులకు అమ్మ ముందుగా దారి ఇస్తుందని నమ్మకం.

ఇప్పుడు తోటలు తగ్గాయి, వీధిదీపాలు వచ్చాయి. ఎలుగులు రావడం అరుదైంది. ఉదయం పూజారిణి గవరమ్మ వాకిలి ఊడ్చేముందు ఇసుకలో జాడల కోసం వంగి చూస్తుంది. రాత్రి ఎలుగు వచ్చి నాకి ప్రమిద ఖాళీ చేసిననాడు ఆ కబురు ఇంటింటికీ వెళుతుంది, పెళ్లిభోజనమంత సంతోషం. నూనె మిగిలిన ఉదయాల్లో మామూలుగానే వాకిలి ఊడ్చి వెళ్లిపోతుంది. సాయంత్రానికి కొత్త నూనె పోసి, ఒత్తి సరిచేసి వస్తుంది.