హబ్షీ కథకు పండితుడి గంటం

వేగవతీపురం అనే రాజ్యాన్ని పూర్వం చిత్రభానుడనే రాజు ఏలేవాడు. ఆయనకు గ్రంథాలంటే మహా ప్రీతి. కోటలో పెద్ద లేఖనశాల పెట్టి, గ్రంథాలకు ప్రతులు రాయించి ఊరూరా పంపేవాడు. చిత్రమేమిటంటే, ఆ గ్రంథకర్తలంతా కోట వెనక వీధివాళ్లే. ఒకరికొకరు బావలూ, బావమరుదులూ.

ఒకనాడు అశ్వశాలలో పనిచేసే మర్జాన్ అనే హబ్షీ సభకు వచ్చాడు. అతని పూర్వీకులు సముద్రం దాటి వచ్చిన నల్లజాతివారు. ఆనాటి ప్రయాణాన్ని అతడు చక్కని తెలుగులో తాటాకుల మీద కావ్యంగా రాసి, ప్రతులు రాయించమని తెచ్చాడు.

రాజు ఆ తాటాకుల కట్ట విప్పనైనా లేదు. "హబ్షీల చరిత్ర మన వల్లభ పండితులు ఎప్పుడో రాశారు. మళ్లీ నువ్వెందుకోయ్?" అన్నాడు.

"అందులో మేం పచ్చిమాంసం తింటామనీ, మాకు ఏడుపే రాదనీ ఉంది ప్రభూ," అన్నాడు మర్జాన్.

"పండితులు రాశారంటే నిజమే అయ్యుంటుంది!"

సభ గొల్లుమంది. మర్జాన్ తల వంచుకుని వెళ్లిపోయాడు.

ఆస్థాన కవయిత్రి తిప్పాంబకు ఆ నవ్వు ముల్లులా గుచ్చుకుంది. రాజుకు ఎదురు చెబితే కొలువు పోతుంది. ఊరుకుందామంటే మనసొప్పలేదు.

వారం తిరక్కుండా ఆమె ఒక కొత్త గ్రంథం పట్టుకొచ్చింది. "ప్రభూ, తమ చరిత్ర ఒకటి వెలువడింది. చదవమంటారా?"

రాజు మీసం దువ్వి సర్దుకు కూర్చున్నాడు.

"చిత్రభానుడు పిల్లిని చూచిన సింహాసనమెక్కి నిలుచును. యుద్ధమనగానే కడుపునొప్పి వచ్చును. రాణిగారు ముద్దలు కలిపి పెట్టనిదే తినడు..."

"ఆపు! ఎవడు వాడు? నన్నెప్పుడైనా చూశాడా? నాతో ఒక్క మాటైనా మాట్లాడాడా? వాడి తల తెప్పిస్తాను!"

తిప్పాంబ తల ముందుకు వంచింది. "తెప్పించనక్కర్లేదు ప్రభూ, ఇక్కడే ఉంది. రాసింది నేనే."

ఆమె తల ఎత్తి మళ్లీ అంది:

"రోజూ చూసే తమ గురించే ఇన్ని అబద్ధాలు రాయగలిగాను. ఒక్క హబ్షీ గుమ్మమైనా తొక్కని వల్లభ పండితులు ఎన్ని రాసి ఉంటారో!"

రాజు సభలోనే ఉన్న వల్లభ పండితుడి వైపు తిరిగాడు. "ఏమయ్యా, వాళ్ల ఇళ్లకు ఎప్పుడైనా వెళ్లావా?"

"అశ్వశాల పక్కన కదా ప్రభూ... వాసన," అని నసిగాడు పండితుడు.

రాజుకు ముందు కోపం, ఆ వెనకే నవ్వు ముంచుకొచ్చాయి. పొట్ట పట్టుకుని నవ్వి, మెడలోని ముత్యాల హారం తీసి తిప్పాంబకు ఇచ్చాడు. మర్జాన్‌ను పిలిపించి కావ్యం చదివించాడు. ఓడలో పుట్టిన బిడ్డకు తల్లి పాడిన జోలపాట దగ్గర సభలో చప్పుడు లేదు.

"దీనికి వెంటనే ప్రతులు రాయించండి. ఇకమీదట ఏ వాడ నుంచి గ్రంథం వచ్చినా, విప్పి చదవనిదే తిప్పి పంపొద్దు," అన్నాడు రాజు.

"మొదటి ప్రతి ఎవరిచేత రాయించమంటారు ప్రభూ?" అడిగాడు లేఖనశాల అధికారి.

తిప్పాంబ అందుకుంది: "వల్లభ పండితుల చేతే రాయించండి. అలాగైనా చదువుతారు."