ఝాన్సీ తాళ్ళకు రంగెందుకు

తవిటినాయుడు మాస్టారికి ఒక అలవాటు ఉండేది. కొత్త పారాచూట్ ఏది వచ్చినా సరే, దాన్ని ఎవరి భుజాలకూ ఎక్కించకముందే షెడ్డు ముందు చాప పరుచుకుని, మోకాళ్ళ నొప్పులను తిట్టుకుంటూ కూర్చుని, దాని తాళ్ళకు రంగు వేసేవారు. గొడుగు ఎడమ సగం నుంచి దిగే తాళ్ళకు పసుపు, కుడి సగం నుంచి దిగేవాటికి ఎరుపు. సైన్యంలో సుబేదారుగా చేసి, లెక్కలేనన్ని సార్లు ఆకాశంలోంచి దూకి వచ్చిన మనిషి చిన్న కుంచె పట్టుకుని, కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చుకుని అలా కూర్చుంటే చూసేవాళ్ళకు నవ్వొచ్చేది. విజయనగరం జిల్లాలో, ఎవరికీ అక్కర్లేక వదిలేసిన ఒక పాత రన్‌వే మీద ఆయన పారాచూట్ బడి నడిపేవారు.

ఆ బడిలో అందరికన్నా ముందున్న శిష్యురాలు ఝాన్సీ. కళ్ళకు గంతలు కట్టి, తాళ్ళన్నీ కలగలిపి ఒళ్ళో పడేస్తే, పట్టీ దగ్గర ముడి తడిమి, ఇది ఎడమ ముందుది, ఇది కుడి వెనకది అని గడగడా చెప్పేసేది. తప్పడమన్నది ఎరగదు. వచ్చే ఆదివారం విమానంలోంచి ఒక్కసారి సరిగ్గా దూకి దిగితే ఆమె ఇక శిష్యురాలు కాదు, కొత్తవాళ్ళకు నేర్పే చిన్న మాస్టారు. అందుకోసమే తెప్పించిన కొత్త పారాచూట్ తాళ్ళు మల్లెపూలంత తెల్లగా ఉన్నాయి. మాస్టారు వాటిని ముందేసుకుని రంగు డబ్బా మూత తీయడం చూసి ఆమె ఉండబట్టలేకపోయింది.

“మాస్టారూ, రంగులు కొత్తవాళ్ళకంటే సరే. నాకెందుకు? నా వేళ్ళకు కళ్ళున్నాయని అందరి ముందూ మీరే కదా అన్నారు?”

మాస్టారు తల ఎత్తలేదు. “చెప్తానమ్మా. తీరిక దొరకనీ,” అన్నారు. అని, కుంచెను పసుపులో ముంచారు.

ఝాన్సీకి ఒళ్ళు మండిపోయింది. కాలేజీ దాటి వచ్చిన మనిషి చేతికి పలకా బలపం ఇచ్చినట్టనిపించింది. ఇన్నాళ్ళూ నేర్చుకున్నది ఆయన కళ్ళకు ఆనలేదన్నమాట! ఆరాక ఆ పారాచూట్‌ను ఆమే మడతపెట్టుకుంది, రంగు కనబడిన చోటల్లా మూతి ముడుచుకుంటూ.

ఆదివారం పొద్దున్న విమానం తలుపు తీయగానే ఆ కోపమంతా గాలికి ఎగిరిపోయింది. కింద చెరకు తోటలు, మొక్కజొన్న చేలు, వాటి మధ్య చాక్‌పీసుతో గీసినట్టు రన్‌వే. దూకింది! గొడుగు ఫట్టున విచ్చుకుంది. ఆమె భుజాలు ఒక్క కుదుపుతో పైకి లేచాయి. సంతోషం పట్టలేక గొంతెత్తి కేక పెట్టింది. కింద నిలబడ్డ తోటి శిష్యులు చీమల్లా చేతులు ఊపడం కనిపించింది. ఇంకేముంది, చిన్న మాస్టారు అయిపోయినట్టే.

అప్పుడు గాలి తిరిగింది. తిరిగిందంటే మామూలుగా కాదు, ఎవరో కొంగు పట్టి లాగినట్టు ఆమెను రన్‌వే మీంచి పక్కకు ఈడ్చుకుపోయింది. కుడి పట్టీ లాగింది, ఎడమ పట్టీ లాగింది, లాభం లేదు. చెరకు తోట దాటిపోయింది. ఎదురుగా తాటితోపు లేచి వచ్చింది. కాళ్ళు దగ్గరికి ముడుచుకునేంతలో కమ్మలు ఫెళఫెళమన్నాయి. లోకం గిర్రున తిరిగింది, ఒకసారి కాదు, ఎన్నిసార్లో.

కళ్ళు తెరిచేసరికి ఆమె రెండు తాటిచెట్ల మధ్య వేలాడుతోంది. గొడుగు కుడి సగం ఒక చెట్టు మొవ్వుకు చిక్కుకుని ఆమెను మోస్తోంది. ఎడమ సగం గాలికి తెరచాపలా ఉబ్బి అవతలికి లాగుతోంది. ఆ లాగే తాళ్ళు ఆమె మెడ చుట్టూ పడ్డాయి. గాలి వీచినప్పుడల్లా ఒక చుట్టు బిగుస్తోంది. నడుముకున్న చాకుతో కోద్దామంటే చేతులు రెండూ ఆ తాళ్ళలోనే బిగిసిపోయాయి. ఏ తాడు ఏదో ఆమె వేళ్ళకు తెలుసు. ఆ వేళ్ళే కదలడం లేదు. కేక వేద్దామంటే గొంతు పెగల్లేదు. చచ్చిపోతానేమోనన్న భయం మొదటిసారి నిజంగా వేసింది.

పక్క చెట్టు కింద కల్లు కుండలు దింపుకుంటున్న సన్యాసి అనే గీత కార్మికుడు ఆ చప్పుడుకి పరుగెత్తుకొచ్చాడు. పైకి చూశాడు. మోకు బిగించి ఆమెను మోస్తున్న చెట్టెక్కడం మొదలుపెట్టాడు. అతను సగం దూరం ఎక్కేసరికి జీపు వచ్చి ఆగింది. అందులోంచి తవిటినాయుడు మాస్టారు దూకారు. మోకాళ్ళ నొప్పులు ఆ రోజు ఎటు పోయాయో మరి.

సన్యాసి ఝాన్సీ ఎత్తుకు వచ్చాడు. చెయ్యి చాపితే ఆమె మెడ దగ్గర తాళ్ళు అందుతున్నాయి, మనిషి నడుము అందడం లేదు. అతని కళ్ళ ముందు ఉన్నది ఒక తాళ్ళ గుత్తి. అన్నీ బిగుసుకునే ఉన్నాయి. అందులో కొన్ని ఆమె పీక నొక్కుతున్నాయి, కొన్ని ఆమెను బతికిస్తున్నాయి.

“ఏ తాళ్ళు కొయ్యాల బాబూ?” అని కిందికి అరిచాడు. “అన్నీ చుట్టీసుకుపోనాయి!”

కింద నిలబడ్డ మాస్టారికి గొడుగంతా కనబడుతోంది. “ఎడమవి! ఎడమవి కొయ్యి!” అని అరిచారు.

సన్యాసి గీత కత్తి ఎత్తాడు. ఎత్తి ఆగాడు. “ఎడమంటే నాకెడమా, అమ్మికెడమా? అమ్మి గిర్రున తిరిగిపోయి ఉంది బాబూ!”

గాలి వీచింది. ఝాన్సీ కళ్ళ ముందు నల్లగా కమ్ముకొచ్చింది. ఆ నలుపులోంచి మాస్టారి గొంతు వినబడింది.

“పసుపువి కొయ్యి! పసుపువన్నీ కోసెయ్! ఎర్రవి ముట్టుకోకు!”

“అలా సెప్పండి మరి!”

కత్తి టపటపా ఆడింది. ఒక పసుపు తాడు తెగింది. ఇంకొకటి. ఇంకొకటి. గాలికి ఉబ్బిన సగం పట్టు వదిలి చప్పబడిపోయి కమ్మల మీద వాలింది. మెడ వదులైంది. ఝాన్సీ గుండెల నిండా గాలి పీల్చుకుంది, దగ్గింది, ఏడ్చింది, మళ్ళీ పీల్చుకుంది. అవతలి లాగుడు పోవడంతో ఆమె మాను దగ్గరికి ఊగి వచ్చింది. ఎర్ర తాళ్ళు ఆమెను అలాగే పట్టుకుని ఉన్నాయి. సన్యాసి ఆమెను మానుకేసి లాక్కుని, నడుముకు తన తుండు బిగించి మోకుకు కట్టి, ఎర్రవి కూడా కోసి, పసిపిల్లను దింపినట్టు దింపాడు. చేల గట్ల మీంచి పరుగున వచ్చిన జనం ఈలలు వేశారు.

“తాటిసెట్టెక్కడానికి అంతెత్తునించి రావాలేటమ్మా?” అన్నాడు సన్యాసి చెమట తుడుచుకుంటూ. అందరూ నవ్వారు. నవ్వనిది మాస్టారొక్కరే. ఆయన ఝాన్సీ తల మీద చెయ్యి పెట్టి, జీపు ఎక్కించేదాకా తీయలేదు.

గొంతు బాగయ్యాక ఝాన్సీ షెడ్డుకు వచ్చింది. మాస్టారు ఆమె పారాచూట్‌కు కొత్త తాళ్ళు బిగించి, చాప మీద పరిచి ఉంచారు. అవి మళ్ళీ తెల్లగా మెరుస్తున్నాయి. ఆమె ఆయన పక్కన చతికిలబడి, అడక్కుండానే కుంచె అందుకుంది. కాసేపు వేసి, చెయ్యి ఆపింది.

“నా వేళ్ళకు అన్నీ తెలుసు కదా అనుకున్నాను మాస్టారూ,” అంది, తల దించుకునే.

మాస్టారు పసుపు డబ్బా ఆమె వైపు జరిపారు.

“నీ వేళ్ళకు తెలుసమ్మా,” అన్నారు. “సన్యాసికి తెలీదు కదా.”