రెండు ముఖాల గడియారం, సూరమ్మ మామ్మ మాత్ర

ములగపాడులో భీమలింగం ఇంట్లోవాళ్ళకున్న తెలివి ఇంకెవరికీ లేదండీ. ఈ మాట ఊళ్ళోవాళ్ళు అన్నది కాదు, వాళ్ళే చెప్పుకుంటారు. ఓసారి నలుగురూ ఆస్పత్రికి వెళ్ళారు. గోడ మీద "చెప్పులు ఇక్కడ విడువవలెను" అని రాసుంది. విడిచారు. వచ్చేటప్పుడు వట్టి కాళ్ళతో వచ్చేశారు. "మళ్ళీ తొడుక్కోమని ఎక్కడా రాయలేదు కదా" అన్నాడు భీమలింగం. అంతే, ఆ రోజునుంచి ఇంటిల్లిపాదికీ చెప్పుల్లేవు.

అలాంటి ఇంట్లో వాళ్ళ మామ్మ సూరమ్మకి జ్వరం వచ్చింది. పొద్దున్నే ఎనిమిదింటికి డాక్టరు సోమేశ్వర్రావుగారు వచ్చి చూసి, ఒక మాత్ర మింగించి, "ఆరు గంటలకోసారి ఒకటి వెయ్యండి. తేడా వచ్చిందంటే జ్వరం నెత్తికెక్కుతుంది. ముసలి ప్రాణం, తట్టుకోలేదు" అని చెప్పి వెళ్ళారు.

ఇంకేముంది, జ్వరం నెత్తికెక్కే దారి మూసెయ్యాలని మామ్మ మెడ చుట్టూ రెండు దుప్పట్లు, మూడు తువ్వాళ్ళు బిగించేశారు.

"దారి మూశాం సరే, ఆరు గంటలు గడిచాయని ఎలా తెలుస్తుంది?" అంది భీమలింగం పెళ్ళాం మాణిక్యం.

అప్పుడు తమ్ముడు పుల్లారావు అటకెక్కి తాతగారి పాత గడియారం దింపాడు. చెక్కపెట్టె. దానికి పక్కపక్కనే రెండు ముఖాలు, పైన రెండు మీటలు. ఒక ముఖంలో మూడుంపావు, రెండోదాంట్లో తొమ్మిది.

"రెండెందుకురా?" అన్నాడు భీమలింగం.

"బస్సు వెళ్ళేటప్పుడు చూడ్డానికొకటి, వచ్చేటప్పుడు చూడ్డానికొకటి అన్నయ్యా."

"కాదు. కుడికంటికొకటి, ఎడంకంటికొకటి." భీమలింగం ఒక కన్ను మూసి చూశాడు, తర్వాత రెండోది మూసి చూశాడు. "చూశావా, సరిగ్గా కనిపిస్తోంది."

దుప్పట్లలోంచి మామ్మ అంది, "మీ తాత దాన్ని ముట్టుకోవద్దు, ముట్టుకోవద్దు అని అరిచేవాడురా. అది ముట్టుకోకుండా ఉండటానికి చేసిన వస్తువు."

కానీ ఏ ముఖాన్ని నమ్మాలో తేలకపోతే మామ్మకి మాత్ర పడదు కదండీ! అందుకని అన్నదమ్ములిద్దరూ దాన్ని మోసుకుంటూ సెంటర్లో గడియారాలు బాగుచేసే మస్తాన్ దగ్గరికి పరిగెత్తారు.

మస్తాన్ చూసి, "ఇది చదరంగం ఆడేవాళ్ళదయ్యా. ఇద్దరు ఎదురెదురుగా కూచుంటారు. ఇటు మీట నొక్కితే ఇతని టైము ఆగుతుంది, అతని టైము నడుస్తుంది. అటు నొక్కితే అతనిది ఆగి ఇతనిది నడుస్తుంది. మామూలు టైముకి ఇది పనికిరాదు" అన్నాడు. రెండు ముఖాలకీ పన్నెండు పెట్టి, స్ప్రింగు పాతదని కొంచెమే కీ ఇచ్చి పంపించాడు.

దారిలో భీమలింగం ఆగిపోయాడు. "ఒరే పుల్లారావూ! మనిషి టైము ఆపే యంత్రంరా ఇది! మామ్మ టైము ఆపేస్తే జ్వరం ఎలా పెరుగుతుంది?"

"మరి ఎదురుగా ఎవరు కూచుంటారన్నయ్యా?"

"నేనున్నాగా. మామ్మ కోసం నా టైము నడిస్తే నడిచింది."

అంతే, తొమ్మిదిన్నరకల్లా మామ్మని మంచం మీద కూచోబెట్టి, ఎదురుగా భీమలింగం కూచుని, మామ్మ వైపు మీట నొక్కాడు. మామ్మ టైము ఆగింది.

కాసేపటికి మామ్మ, "ఒరే భీముడూ, ఆకలేస్తోందిరా" అంది.

"నీకు ఆకలెయ్యదు మామ్మా. నీ టైము ఆగిపోయింది."

"అవునా? నాకు తెలీలేదురా" అని మామ్మ ఊరుకుంది. ఇంతలో మాణిక్యం మొగుడికి పప్పన్నం కలిపి తెచ్చింది. ఆ నేతివాసన తగిలేసరికి మామ్మ దుప్పట్లలోంచి చెయ్యి బయటికి తీసి, అవతలి మీట మీద ఠపీమని ఒక్కటేసింది. మామ్మ టైము నడిచింది. కంచం లాక్కుంది.

భీమలింగం నోట్లో ముద్దతో అలాగే ఉండిపోయాడు.

"మింగండి!" అంది మాణిక్యం.

"ఎలా మింగుతాడొదినా, అన్నయ్య టైము ఆగిపోతేను!" అన్నాడు పుల్లారావు.

కాసేపు చూసి, భీమలింగం కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే జాలేసి, పుల్లారావే మీట కొట్టాడు. ముద్ద దిగింది. ఇంకేముంది! మామ్మకి మజ్జిగ కావాలి, ఠప్పు. భీమలింగానికి తుమ్ము వస్తోంది, ఠప్పు. మామ్మ వీపు దురద, ఠప్పు. మధ్యాహ్నమంతా అదే పని. ఆ దుప్పట్లలో మామ్మకి చెమటలు ధారలు కట్టాయి.

నాలుగింటికి డాక్టరుగారు వచ్చారు. "రెండింటికి రెండో మాత్ర వేశారా?"

"ఎక్కడండీ, మామ్మకింకా రెండున్నర గంటలే అయింది" అన్నాడు భీమలింగం, గడియారంలో మామ్మ వైపు ముఖం చూపించి. "నాకు నాలుగయింది. నేను వేసుకోమంటారా?"

డాక్టరుగారు నెత్తి కొట్టుకుని, మామ్మ నుదురు పట్టుకుని చూశారు. చల్లగా ఉంది! చెమటకి జ్వరం దిగిపోయింది. "మీ అదృష్టం. అయినా నిర్లక్ష్యం పనికిరాదు, ఆ మాత్ర ఇప్పుడే, నా ఎదురుగా వెయ్యండి" అన్నారు.

మాణిక్యం మాత్ర తెచ్చింది. సరిగ్గా అప్పుడే గడియారం టక్కుమని ఆగిపోయింది. రెండు ముఖాలూ.

భీమలింగం రెండు మీటలూ నొక్కి చూశాడు. ఏదీ కదల్లేదు.

"నాదీ ఆగింది, వీడిదీ ఆగింది" అంది మామ్మ మెల్లిగా. "మరిప్పుడు ఎవరిది నడుస్తోందర్రా?"

డాక్టరుగారి చేతి గడియారం టిక్కు టిక్కుమంటోంది. నలుగురూ అటు చూశారు.

"కీ ఇవ్వండయ్యా దానికి! మీ తెలివి తెల్లారినట్టే..." అని అరవడానికి డాక్టరుగారు నోరు తెరిచారు. అంతే, పుల్లారావు ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు, మాణిక్యం మాత్ర ఆయన నోట్లో వేసేసింది, భీమలింగం నీళ్ళు పోశాడు. గుటుక్కున దిగిపోయింది.

మామ్మ తన మెడ చుట్టూ ఉన్న తువ్వాళ్ళు ఒక్కొక్కటే విప్పి, డాక్టరుగారి మెడకి చుడుతూ, "చేదే బాబూ, కాస్త బెల్లం ముక్క నోట్లో వేసుకో. మళ్ళీ ఆరు గంటలయ్యాక ఇంకోటి వేస్తారు, నువ్వు ఇక్కడే పడుకో" అంది.