ఒక పూట నడక

"'ఆధారాలు లేవు' అని రాసినా, 'మాకు దొరకలేదు' అని రాసినా ఒకటే కదా సార్?" అని సుగుణ అడిగింది.

గౌరవం తప్పకుండానే, కాస్త కోపంగా అడిగింది. విశ్వవిద్యాలయంలోని పురావస్తు, మానవశాస్త్ర శాఖలో ఆమెకది పరిశోధన మొదలుపెట్టిన నాలుగో ఏడు. సిద్ధాంత గ్రంథం టైపు పూర్తయింది. శుక్రవారానికల్లా ఇచ్చెయ్యాలి. ఆమె గురువు ఆచార్య కోటిలింగం గారు రెండువందల పన్నెండో పేజీలో ఒకే ఒక్క వాక్యం కింద పెన్సిలుతో గీత గీసి, పక్కన ఏమీ రాయకుండా కాగితాలు తిరిగిచ్చారు. "ఈ లోయలో అంతకు పూర్వం జననివాసం ఉన్నట్లు ఆధారాలు లేవు" అన్నది ఆ వాక్యం.

కోటిలింగం గారు ఇలాంటి వాటికి వాదన పెట్టుకునే మనిషి కాదు. అడిగినవాళ్ళని కూర్చోమని, ఎక్కడో ఎవరికో జరిగిన సంగతి ఒకటి చెప్పి ఊరుకునేవారు. జవాబు అందులో ఉందో లేదో విన్నవాళ్ళే చూసుకోవాలి. ఆయన శిష్యులకి ఆ అలవాటు తెలుసు. ఆ రోజు మాత్రం ఆయన తన సంగతే చెప్పారు. చెప్పేముందు లేచి వెళ్ళి గది తలుపు దగ్గరగా వేసొచ్చారు.

అప్పటికి ఆయనకు ఇరవయ్యారేళ్ళు. గోదావరి ఏజెన్సీలో మేడిరేవు అనే కొండరెడ్ల గూడేనికి పరిశోధన కోసం వెళ్ళారు. ముప్ఫై గడప. వెదురు తడికల ఇళ్ళు, పైన ఆకుల కప్పు. అక్కడ మూడు నెలలున్నారు. నాలుగు చోట్ల నలుచదరంగా గోతులు తవ్వి, మట్టిని పొరలు పొరలుగా తీసి, జల్లెడ పట్టి, దొరికిన ప్రతి పెంకునీ సంచిలో వేసి చీటీ కట్టారు. పండమ్మ అనే పెద్దావిడ వాళ్ళ వసారాలో పడక. ఆవిడ మామిడి టెంకల అంబలి పోసేది. ఈయన రోజంతా మట్టి జల్లించుకుంటుంటే చూసి, "ఏం పాపం సేసేవు బాబూ, ఇంత సదూకుని మట్టి సెరుగుతున్నావు?" అని నవ్వేది. గూడెంలో అందరూ ఆయన్ని మట్టిబాబు అని పిలిచేవారు. ఆ పిలుపు ఆయనకు ఇష్టంగానే ఉండేది.

గోతుల్లో పెద్దగా ఏమీ దొరకలేదు. పైపొరలో బూడిద, విరిగిన కొడవలి మొన, గాజుముక్కలు. వాటి కింద మనిషి చెయ్యి తగలని ఎర్రమట్టి. లెక్క కట్టి చూస్తే ఆ గూడెం వయసు అరవై ఏళ్ళకు మించలేదు.

ఆ మాట చెబితే పండమ్మ ఆశ్చర్యపోలేదు. "అవును మరి. ఇక్కడికి మా నాన్న కాలంలోనే దిగేం. జొరాలొచ్చి దిగేం. అంతకుముందు మావోళ్ళందరూ పాతిళ్ళ గట్టు మీదే. ముత్తాతలూ, ఆళ్ళ ముత్తాతలూ అక్కడే. ఒక పూట నడక. రా, సూపిస్తాను" అంది.

ఆవిడ మూడుసార్లు పిలిచింది. మొదటిసారి గొయ్యి సగంలో ఉందని వెళ్ళలేదు. రెండోసారి ఒళ్ళు వెచ్చగా ఉందని వెళ్ళలేదు. మూడోసారి వానలు పట్టాయి, దారంతా జలగలు. పైగా వాగు పొంగితే దాటలేమని జీపు డ్రైవరు హారన్ కొడుతున్నాడు. 'పాతిళ్ళ గట్టు' అన్న పేరు మాత్రం నోటుపుస్తకంలో రాసుకున్నారు. ఆయన గురువు శేషావతారం గారు క్లాసులో తరచూ అనే మాట ఒకటుంది: "మనుషులు చెప్పేది కథ. మట్టి చెప్పేది సాక్ష్యం." ఆ మాట మీద కోటిలింగం గారికి అప్పట్లో గొప్ప నమ్మకం. అదే శాఖలో పక్కగదిలో మానవశాస్త్రం చదివేవాళ్ళు ఊళ్ళు తిరిగి ముసలివాళ్ళని కూర్చోబెట్టి మాట్లాడిస్తుంటే, అదొక చదువా అని ఈయనా ఈయన స్నేహితులూ నవ్వుకునేవారు.

అందువల్ల ఆయన గ్రంథంలో వాక్యం ఇలా పడింది: "మేడిరేవు ప్రాంతంలో అరవై సంవత్సరాలకు మించిన జననివాసానికి ఆధారాలు లేవు." తడబాటు లేని రచన అని పరీక్షకులు మెచ్చుకున్నారు. డిగ్రీ వచ్చింది. అదే శాఖలో ఉద్యోగమూ వచ్చింది.

నాలుగేళ్ళు గడిచాయి. ఆ కొండల్ని అభయారణ్యం చెయ్యాలనుకున్నారు. మూడు తరాలుగా, అంటే డెబ్బయ్యైదేళ్ళుగా, అక్కడే ఉన్నట్టు రుజువు చూపించిన గూడేలు ఉండొచ్చు, తక్కినవి కిందికి, రోడ్డు పక్కకి దిగాలి. మేడిరేవు వాళ్ళ దగ్గర ఏ కాగితమూ లేదు. అధికారులు కాగితం కోసం వెతికారు. వాళ్ళకి విశ్వవిద్యాలయం లైబ్రరీలో పుస్తకం దొరికింది.

ఒక మధ్యాహ్నం కోటిలింగం గారు క్లాసు ముగించుకుని వస్తుంటే, ఆయన గది ముందు వరండాలో పండమ్మ కూర్చుని ఉంది. పక్కన ఆవిడ మేనల్లుడు కన్నపరెడ్డి. గూడెంలో చదవడం వచ్చినవాడు అతనొక్కడే. రెండు రోజులు బస్సులు మారి వచ్చారు. పండమ్మ ముందు ఆయన ఆరోగ్యం అడిగింది. పెళ్ళయిందా అని అడిగింది. టీ తాగింది. ఆ తర్వాత మేనల్లుడికి సైగ చేసింది. అతను మడతలు పడిన నోటీసు తీసి ఇచ్చాడు. అందులో నాలుగో పేరాలో కోటిలింగం గారి వాక్యం ఉంది, పేజీ నెంబరుతో సహా. కింద ఆయన పేరు, పేరు ముందు డాక్టర్ అని.

"ఇది నువ్వు రాసిందేనా బాబూ?"

"నేనే రాశాను పెద్దమ్మా. కానీ ఇందుకోసం రాయలేదు."

"మరి ఎందుకోసం రాసేవు?"

ఆయన క్లాసులో చెప్పే మాటలే చెప్పారు. శాస్త్రంలో ఆధారం లేదంటే తవ్విన చోట కనబడలేదనే అర్థం అన్నారు. వెదురూ ఆకూ సొరబుర్రా మట్టిలో మిగలవన్నారు. చదువుకున్నవాడు ఎవడైనా ఆ వాక్యాన్ని అలాగే అర్థం చేసుకోవాలన్నారు. పండమ్మ శ్రద్ధగా వింది. కన్నపరెడ్డి మాత్రం గోడకేసి చూస్తూ నిలబడ్డాడు.

"నువ్వు గట్టు ఎక్కలేదు కదా బాబూ," అంది ఆవిడ చివరికి. "ఎక్కలేదని రాయి. అంతే సాలు. మా గురించి మంచి ఏం రాయొద్దు."

వారంలో రాసి పంపుతానని ఆయన మాటిచ్చారు. బస్టాండు దాకా వెళ్ళి ఎక్కించి వచ్చారు. ఆ సాయంత్రమే శేషావతారం గారింటికి వెళ్ళి సంగతి చెప్పారు. శేషావతారం గారు చెడ్డ మనిషి కాదు. శిష్యుడి భుజం మీద చెయ్యి వేసి, "నీ ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. డిగ్రీ పుచ్చుకున్న గ్రంథంలో తప్పుందని నువ్వే రాసిస్తే, దాన్ని ఒప్పుకుని సంతకాలు పెట్టిన మేమేమవుతాం? ముందు ఖాయం కానీ. తర్వాత నిక్షేపంగా రాయి. అది ఎక్కడికీ పోదు" అన్నారు.

కోటిలింగం గారు ఉత్తరం రాశారు. ఒక్క పేజీ. 'నేను ఆ గట్టు ఎక్కలేదు, చూడకుండా రాశాను' అని సూటిగానే రాశారు. రాసి బల్ల సొరుగులో పెట్టారు. పొద్దున వచ్చినప్పుడు ఒకసారి, వెళ్ళేటప్పుడు ఒకసారి సొరుగు తీసి చూసుకునేవారు. ఆ చూసుకోవడమే తను చేస్తున్న పని అన్నట్టు ఉండేది ఆయనకు. ఎనిమిది నెలలకి ఉద్యోగం ఖాయమైంది. ఆ రోజే ఉత్తరం రిజిస్టరు పోస్టులో వేశారు. నోటీసు ఇచ్చిన నాలుగో నెలలోనే మేడిరేవును ఖాళీ చేయించామనీ, తమరి లేఖను ఫైలులో చేర్చడమైనదనీ జవాబు వచ్చింది.

మరుసటి వేసవిలో, అనుమతి తెచ్చుకుని, ఆయన ఐదుగురు విద్యార్థులతో అక్కడికి వెళ్ళారు. మేడిరేవులో ఇళ్ళు లేవు. కప్పు మోసిన నిట్టాళ్ళు మాత్రం అక్కడక్కడా నిలబడి ఉన్నాయి. అక్కడినుంచి గట్టు ఎక్కారు. పండమ్మ చెప్పినట్టే సరిగ్గా ఒక పూట పట్టింది. పైన తవ్వాల్సిన పని కూడా లేకపోయింది. గడ్డి పక్కకి తొలగిస్తే వరసలు వరసలుగా పొయ్యిరాళ్ళు. నలభై ఒక్క పొయ్యిలు లెక్క తేలాయి. కాళ్ళ కింద కుండపెంకులు కరకరలాడాయి. పరుపుబండ మీద గింజలు నూరి నూరి పడిన గుంటలు, చెయ్యి పెడితే మణికట్టు దాకా దిగిపోయేవి. రాతిలో అంత లోతు గుంట పడడానికి ఎన్ని తరాల ఆడవాళ్ళు అక్కడ కూర్చుని ఉండాలో విద్యార్థులు ఉత్సాహంగా లెక్కలు వేసుకుంటున్నారు. నాలుగైదు వందల ఏళ్ళకు తక్కువ కాదని తేల్చారు. ఒక కుర్రాడు ఆనందం పట్టలేక ఈల వేశాడు. కోటిలింగం గారు బండ మీద కూర్చుండిపోయారు. తనకి ఏడుపు రావలసిందనీ, రాలేదనీ, చేతులు వాటంతట అవే పెంకులు ఏరి సంచిలో వేస్తున్నాయనీ చెప్పారు.

తిరుగుదారిలో ఆయన రోడ్డు పక్క కాలనీ దగ్గర జీపు ఆపించారు. రేకుల ఇళ్ళు, వరసగా, ఇంటికో నెంబరు. కన్నపరెడ్డి కనిపించాడు. గుర్తుపట్టాడు గానీ లోపలికి రమ్మనలేదు. పండమ్మ చలికాలంలోనే పోయిందని చెప్పాడు. జబ్బేమిటని అడిగితే, జబ్బేం లేదన్నాడు. తిండి మానేసిందన్నాడు. జీపులో ఉన్న సంచుల వైపు ఒకసారి చూసి, "ఈసారి దొరికిందా మట్టిబాబూ?" అని అడిగాడు.

చెప్పడం అయిపోయింది. సుగుణ ఒళ్ళో ఉన్న కాగితాల్లో గీత గీసిన వాక్యాన్ని మళ్ళీ చూసుకుంది. ఆమె అడిగిన ప్రశ్న ఇప్పుడు ఆమెకే చిన్నదిగా కనిపించింది. గురువు గారిని కాస్త ఊరడించాలనిపించిందో, లేక ఆ కథకి ఎక్కడో ఒక మంచి చివర ఉండాలని ఆశపడిందో గానీ, మళ్ళీ అడిగింది.

"కానీ తర్వాత ఆ తప్పు దిద్దుకున్నారు కదా సార్? పాతిళ్ళ గట్టు గురించి పుస్తకం రాశారు కదా?"

"రాశానమ్మా. నా పాత వాక్యం తప్పని మొదటి పేజీలోనే ఒప్పుకున్నాను," అన్నారు కోటిలింగం గారు. "ఆ నిజాయితీకి మెచ్చి నాకు శాలువా కప్పారు."